దెబ్బకు ధర

వీడియో గేములో ఫైటింగ్ బాగుందా లేదా అని తేల్చేటప్పుడు చాలామంది ఆయుధాలు ఎన్ని, దెబ్బలు ఎన్ని రకాలు అని లెక్కపెడతారు. ఏళ్ల తరబడి జనం వదలని ఆటలను విప్పి చూస్తే ఆ లెక్క పనికిరాదని తెలుస్తుంది. వాటిలో కొట్టే ప్రతి దెబ్బకూ ఆటగాడు ఏదో ఒకటి చెల్లించాలి, ఆ చెల్లింపు ఎదుటివాడి కంట పడాలి. 1991లో క్యాప్‌కామ్ తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో ర్యూ కొట్టే షోర్యూకెన్‌నే తీసుకోండి. పిడికిలి పైకెత్తి గాల్లోకి లేచే ఆ దెబ్బ మీదికొచ్చినవాణ్ని కూల్చేస్తుంది. గురి తప్పిందా, నేలకు దిగేదాకా ర్యూ దిక్కులేనివాడే. ఆ కాస్త వ్యవధే దాని ధర.

ఈ ఆటలు సెకనుకు 60 ఫ్రేముల లెక్కన నడుస్తాయి. దెబ్బకు మూడు దశలుంటాయి: చెయ్యి లేవడం, తగలడం, వెనక్కి రావడం. తేలిక గుద్దు కొద్ది ఫ్రేముల్లో ముగిసిపోతుంది. బలమైన తన్ను నిదానంగా లేచి నిదానంగా దిగుతుంది. తగిలిన క్షణాన రెండు బొమ్మలూ కొన్ని ఫ్రేములపాటు బిగుసుకుపోతాయి. దీన్ని హిట్ స్టాప్ అంటారు. మన సినిమా ఫైట్లలో స్లో మోషన్ చేసే పనే ఇది, కాకపోతే ప్రేక్షకుడు గమనించేలోపే అయిపోతుంది, బరువు మాత్రం చేతికి తెలుస్తుంది. ఎదుటివాడు తేరుకోకముందే వరసగా కొట్టే కాంబో స్ట్రీట్ ఫైటర్ 2 తయారీలో ఎవరూ వేసుకున్న పథకం కాదు, అనుకోకుండా బయటపడ్డ లొసుగు. దాన్ని పూడ్చకుండా వదిలేయడం క్యాప్‌కామ్ చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

ధర కంటికి కనిపిస్తే ఏమవుతుందో ఫైటింగ్ ఆటల 2004 ఎవో పోటీలో తేలింది. ఆడుతున్నది స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్. దైగో ఉమెహారా ఆడిస్తున్న కెన్‌కు ప్రాణం అడుగంటింది. ప్రత్యేక దెబ్బను అడ్డుకున్నా కొంత ప్రాణం పోతుంది కాబట్టి అడ్డుకోవడమంటే ఓడిపోవడమే. ప్రత్యర్థి జస్టిన్ వాంగ్ చున్ లీతో 15 తన్నుల సూపర్ దెబ్బ విసిరాడు. మిగిలిన దారి ప్యారీ ఒక్కటే: దెబ్బ తగిలే క్షణానికి స్టిక్‌ను శత్రువు వైపే నెట్టాలి. వేళ తప్పితే కాచుకునే అవకాశం కూడా పోతుంది. ఉమెహారా 15 తన్నులనూ తిప్పికొట్టి, చివరిదాన్ని గాల్లోకి ఎగిరి మరీ కాచుకుని, ఎదురుదెబ్బతో ఆ రౌండు గెలిచాడు. హాలంతా కేకలతో దద్దరిల్లింది. ఒక్కసారి వేళ తప్పినా ఏం పోతుందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు మరి.

ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ ఇదే లెక్కను ఒంటరి ఆటలోకి తెచ్చింది. డార్క్ సోల్స్‌లో (2011) కత్తి విసరడం, డాలుతో కాచుకోవడం, దొర్లి తప్పుకోవడం అన్నీ ఒకే స్టామినా ఖాతాలోంచి ఖర్చవుతాయి. అత్యాశతో ఇంకో వేటు వేస్తే తప్పుకోవడానికి ఊపిరి మిగలదు. సెకిరో (2019) ఇంకా నిక్కచ్చి. అక్కడ శత్రువు నిలకడను విరగ్గొట్టాలి. అతని ప్రాణం తగ్గినకొద్దీ ఆ నిలకడ కోలుకోవడం మందగిస్తుంది. వెనక్కి తగ్గి ఊపిరి పీల్చుకుందామంటే అంతవరకూ చేసిన పని కరిగిపోతుంది.

అలాగైతే తూటాల వాన కురిసే డూమ్ (2016) సంగతేమిటని అడగవచ్చు. అక్కడ వేగంగా కొట్టడానికి ధర లేదు, నిజమే. ధర పెట్టింది దాక్కోవడానికి. ప్రాణం దానంతటది పెరగదు. చావుకు దగ్గరైన రాక్షసుణ్ని దగ్గరికెళ్లి చేత్తో చంపితే రాలుతుంది. ఇక ఇదంతా కొత్తవాళ్లను తరిమేసే కాఠిన్యమే కదా అన్నది మరింత బరువైన అభ్యంతరం. అయితే ధర వేరు, కష్టం వేరు. మసాహిరో సకురాయ్ సూపర్ స్మాష్ బ్రదర్స్‌ను ఒక దిశ, ఒక బటన్‌తో ఎవరైనా ఆడేలా మలిచాడు. అయినా అందులో బలమైన స్మాష్ గురి తప్పితే శిక్ష తప్పదు, పట్టుకున్న డాలు క్షణక్షణం చిన్నదవుతూనే ఉంటుంది.

చేతివేగం అక్కర్లేని ఆటలకూ ఈ మాట వర్తిస్తుంది. ఫైనల్ ఫాంటసీ 10లో (2001) వంతులవారీగా పోరాడతారు, ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. కొన్ని పనులు ఎంచుకుంటే మాత్రం మన తరువాతి వంతు వెనక్కి జరుగుతుంది. తెర పక్కనున్న వంతుల పట్టీ, మనం ఇంకా బటన్ నొక్కకముందే, ఎవరు మన ముందుకు దూరతారో చూపిస్తుంది.