కత్తెర పడ్డదా?

సంగారెడ్డి బజారులో ఏ పాత టైలరు దుకాణానికి వెళ్లినా రసీదు ఒక్కలాగే ఉంటుంది. కార్బన్ కాగితం మీద దిగిన పేరు, ఫోను నంబరు, కొలతల అంకెలు, అడ్వాన్సు, బాకీ, డెలివరీ తేదీ చుట్టూ ఒక సున్న. పై మూలన మన గుడ్డ అంచు నుంచి తీసిన వేలెడు ముక్క, గుండుసూదితో. ఇదంతా మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆది జాకెట్టు సంచిలో వేసుకుని ఆ మెట్లు ఎక్కని ఇల్లు మన దగ్గర ఉండదు. ఆ కాగితం మీద ఎప్పుడూ కనబడనిది ఒక్కటే: ఇచ్చిన ఆర్డరు వద్దనుకుంటే ఏమవుతుంది?

ఈ రసీదును చట్టం పక్కన పెట్టి చదవాలని నాకు చాలాకాలంగా కోరిక. రెండింటి మీదా నాకు గౌరవముంది. ఒకటి బజారు నోట బతుకుతున్న ఆచారం, ఇంకొకటి అచ్చులో ఉన్న హక్కు. ఒకే గుడ్డ గురించి రెండూ మాట్లాడతాయి, కానీ ఒకదాని మాట ఇంకొకదానికి వినబడదు.

మా మేనకోడలి పెళ్లి ముహూర్తం వాయిదా పడ్డ రోజు సంగతి చెబుతాను. పెళ్లికొడుకు ఇంట్లో పెద్దాయన పోయారు. అప్పటికే మా అక్క ఐదు లైనింగు జాకెట్లు సంగారెడ్డిలో ఒక పాత టైలరుకిచ్చింది. మగ్గం వర్కు జాకెట్టు ఒకటి పటాన్‌చెరులో ఒక బొటిక్‌కు ఇచ్చింది, గుడ్డ కూడా వాళ్లదే. ముందు టైలరు దగ్గరికి వెళ్లాం. అక్క అడిగింది ఒకే మాట: "కత్తెర పడ్డదా మాస్టర్?" ఆయన మూట విప్పి చూశాడు. "రెండిట్ల పడ్డదమ్మా. మూడు ఇంక ముట్టలే." ముట్టని వాటిలో ఒకదాని మీద సుద్ద గీతలున్నాయి, చంక దగ్గర వంపు, మెడ దగ్గర సగం చంద్రుడు. అరచేత్తో రెండుసార్లు దులిపాడు. గీతలు పోయాయి. మూడింటి అడ్వాన్సు లెక్కపెట్టి అక్క చేతిలో పెట్టాడు. కత్తిరించిన రెండూ కుట్టి ఇస్తానన్నాడు, వాటి కూలి తీసుకున్నాడు. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

ఇది ఆ మాస్టరు మంచితనం ఒక్కటే కాదు. అందులో ఒక న్యాయసూత్రం ఉంది. సుద్ద గీత చెరిగిపోతుంది, కత్తెర గాటు చెరగదు. గాటు పడేదాకా గుడ్డ మనది, పడ్డాక అందులో ఆయన పని కూడా కలిసింది.

చట్టం కూడా ఇక్కడికి చాలా దగ్గరగానే వస్తుంది. 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ తెరిస్తే అక్కడ ఉదాహరణగా ఒక దర్జీయే కూర్చుని ఉంటాడు. మనమిచ్చిన గుడ్డలో తన నైపుణ్యం, కష్టం పెట్టినవాడు కూలి ముట్టేదాకా ఆ వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చు. మూడు నెలలు అప్పు పెడతానని మాటిచ్చిన దర్జీకి మాత్రం కోటును అలా పట్టుకుని కూర్చునే హక్కు లేదు. అదేవిధంగా 73, 74 సెక్షన్లు మాట తప్పినవాడి నుంచి నష్టపరిహారం ఇప్పిస్తాయి. కాగితం మీద ఎంత జరిమానా రాసుకున్నా, ఇప్పించేది సమంజసమైనంతే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. మాస్టరు రెండు జాకెట్ల కూలి ఉంచుకుని మూడింటి డబ్బు వాపసిచ్చినప్పుడు చేసింది ఈ లెక్కే.

బొటిక్‌లో మాత్రం గోడ మీద బోర్డుంది: కస్టమ్ ఆర్డర్లు క్యాన్సిల్ కావు, అడ్వాన్సు వాపసు లేదు. అక్క అక్కడా అదే ప్రశ్న అడిగింది, కాస్త మార్చి: "సూది పడ్డదా?" లోపల మగ్గానికి బిగించిన పట్టుగుడ్డ చూపించారు. బటర్ పేపర్‌కు సూదితో బెజ్జాలు పొడిచి, వాటి మీదుగా తెల్లపొడి రుద్దితే దిగిన చుక్కల వరసలు. పూసలు లేవు, జరీ లేదు. చుక్కలే. డిజైను గీసినవాడి కూలి తీసుకోండి, మిగతాది ఇవ్వండి అన్నాం. బోర్డు చూపించారు. ఆరు వేలు పోయాయి.

ఆ బోర్డుకు పరదేశంలో పెద్ద అండ ఉందని తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. ఐరోపాలో ఆన్‌లైన్‌లోనో, దుకాణం బయట మరెక్కడో కొన్న వస్తువును 14 రోజుల్లో కారణం చెప్పకుండా వద్దనవచ్చు. 2011 ఐరోపా డైరెక్టివ్ ఇచ్చిన హక్కు అది, బ్రిటన్‌లో 2013 నిబంధనల్లోనూ ఉంది. అయితే కొనేవాడి కొలతలకు తయారుచేసేవాటికి ఈ హక్కు వర్తించదు. జర్మనీలో ఒకరు ఒక ప్రదర్శనలో తమ ఇంటికి సరిపోయే వంటగది ఆర్డరిచ్చి మనసు మార్చుకున్నారు. అప్పటికింకా తయారీ మొదలే కాలేదు. 2020 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం, మొదలైనా కాకపోయినా ఒకటే, హక్కు లేదంది. అంటే అక్కడ కత్తెర ప్రశ్నకే తావులేదు. కొలత తీసుకోవడంతోనే తలుపు మూసుకుంటుంది.

మొదట నాకు ఇది మన మాస్టరు న్యాయం కంటే మోటుగా తోచింది. తీర్పు వెనుక కారణం చదివాక అంత తేలిగ్గా కొట్టెయ్యలేకపోయాను. హక్కు ఉందో లేదో ఒప్పందం నాడే తెలియాలి, అమ్మేవాడి చేతిలో ఉన్న పని మీద అది ఆధారపడకూడదు అన్నది వాళ్ల వాదన. నిజమే, కత్తెర ఉండేది మాస్టరు చేతిలో. మనం వస్తున్నామని తెలిసి ఆయన ఒక గాటు వేస్తే? మా మాస్టరు వెయ్యడు. కానీ ఒక హక్కు ఎదుటివాడి మంచితనం మీదే నిలబడితే, మంచివాడు లేని దుకాణంలో అది పడిపోతుంది. బజారు ఆచారంలోని ఈ బలహీనతను నాకు చూపించింది ఆ దూరదేశపు తీర్పే.

మన చట్టం ఈ రెండింటికీ మధ్య ఉంది. ఐరోపా ఇచ్చినట్టు మనసు మార్చుకునే గడువు అది ఇవ్వలేదు, కొలతల బట్టలను ప్రత్యేకంగా మినహాయించనూ లేదు. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం, జరిగిన నష్టానికి ఏ పొంతనా లేని జరిమానా వేసే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందం అంటుంది. చుక్కలు దింపినందుకు ఆరు వేలు పట్టుకోవడం అందులోకే వస్తుందని నా అభిప్రాయం. అదేవిధంగా 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో నాకెంతో నచ్చిన మాట ఒకటుంది: ఆన్‌లైన్ సంస్థ తాను ఏకపక్షంగా ఆర్డరు రద్దు చేసినప్పుడు భరించని రుసుమును, రద్దు చేసిన కొనుగోలుదారు మీద వెయ్యకూడదు. రెండువైపులా ఒకే తూకం. బజారు ఆచారానికి ఈ తూకం ఎప్పుడూ లేదు. మనం వద్దంటే అడ్వాన్సు మాట వస్తుంది, మాస్టరు "రేపు రాండి" అని పదిసార్లు తిప్పితే ఏ మాటా రాదు.

ఆ "రేపు" దగ్గరే ఆచారం ఎక్కువ గాయం చేస్తుంది. పాశమైలారంలో షిఫ్టు దిగి, దసరా బోనస్ డబ్బుతో పటాన్‌చెరులో ప్యాంటు షర్టు కుట్టించుకునే ఒడిశా కార్మికుడికి రైలు తేదీయే అసలు తేదీ. రైలెక్కాక అందే బట్టలు అతనికెందుకు? ఇలాంటి రద్దు మనసు మార్చుకోవడం కాదు. తేదీయే ప్రాణమైన పనిలో తేదీ తప్పితే ఒప్పందాన్ని కాదనవచ్చని కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. వినియోగదారుల చట్టం దీన్నే సేవాలోపం అంటుంది. 2024 డిసెంబరు 24న బంధువుల పెళ్లికని ఒకామె ఇచ్చిన జాకెట్టు అందలేదు. అహ్మదాబాదులోని వినియోగదారుల కమిషన్ ఆమె అడ్వాన్సు 4,395 రూపాయలు వడ్డీతో వాపసివ్వాలని, పరిహారం కూడా చెల్లించాలని ఆ టైలరును ఆదేశించింది.

మనకూ సంగారెడ్డిలోనే జిల్లా కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వెళ్లవచ్చు. ముందు 1915కు ఫోను చేసి చెప్పుకోవచ్చు. అయితే సేవాలోపాన్ని వినే ఈ కమిషన్‌కు, ఒప్పందమే అన్యాయమైనదన్న ఫిర్యాదు వినే అధికారం లేదు. అది రాష్ట్ర కమిషన్ దగ్గరికి, హైదరాబాదు వెళ్లాలి. ఆరు వేల జాకెట్టు కోసం ఎవరు వెళతారు? మా అక్క వెళ్లలేదు. చిన్న రసీదుల ఫిర్యాదు వినే అధికారం జిల్లాకే ఇవ్వాలి. ఈ ఒక్క విషయంలో చట్టం మా మాస్టరు బల్ల దగ్గరికి వచ్చి నేర్చుకోవాలి: ఆయన ఐదు నిమిషాల్లో తేల్చాడు.

ఆయన నేర్చుకోవలసిందీ ఉంది. పోయిన శ్రావణంలో మళ్లీ జాకెట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు అడిగాను: డెలివరీ తేదీ రాస్తారు కదా, కత్తెర వేసే తేదీ కూడా రాయండి, అది దాటాక మేం వద్దంటే కూలి మీది, మీరు తేదీ తప్పితే అడ్వాన్సు మాది. "నలభై ఏండ్ల సంది ఎవ్వరు అడగలే సార్" అన్నాడు. కాసేపు టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. తర్వాత కార్బన్ సరిచేసి, సున్న చుట్టిన తేదీ పక్కన చిన్న అక్షరాల్లో రాశాడు: కటింగు, బుధవారం.