చక్రాలు కదలకముందే

చిన్న విమానం నేల విడిచే ముందు పైలట్ వేసుకోవలసిన లెక్క పెద్ద గణితమేమీ కాదు. ఖాళీ విమానం బరువుకు ఎక్కినవారి బరువు, సామాను, ట్యాంకుల్లోని పెట్రోలు కూడి, ఆ మొత్తం తయారీదారు విధించిన పరిమితికి లోబడి ఉందో లేదో చూసి, ఆ పూట గాలి ఎంత పలుచగా ఉందో గమనించి, ఉన్న రన్‌వే చాలుతుందా అని తేల్చుకోవడమే. ఇంత తేలిక కావడమే దానితో వచ్చిన చిక్కు, ఎందుకంటే అనుభవజ్ఞులు దాన్ని మనసులోనే ముగించేస్తారు.

1996 ఏప్రిల్ 11 ఉదయం అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, షయాన్ విమానాశ్రయంలో, ఈ లెక్క తప్పింది. ఖండాన్ని దాటిన అతిపిన్న పైలట్‌గా పేరు తెచ్చుకోవాలని ఏడేళ్ల జెస్సికా డూబ్రాఫ్, తండ్రితోనూ శిక్షకుడితోనూ కలిసి, నాలుగు సీట్ల సెస్నా 177బిలో ముందురోజే కాలిఫోర్నియా నుంచి బయలుదేరింది. షయాన్ సముద్రమట్టానికి 6,000 అడుగులకు పైన ఉంది. అక్కడి పలుచని గాలిలో ఇంజను శక్తి, ప్రొపెల్లరు పట్టు రెండూ తగ్గుతాయి. పీడనాన్ని, ఉష్ణోగ్రతను బట్టి విమానం ఎంత ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుందో చెప్పే అంకెను సాంద్రతా ఎత్తు అంటారు. ఆ రోజు అది శిక్షకుడికి అలవాటైన దానికంటే ఎక్కువ. పైగా విమానం బరువు పరిమితిని 96 పౌండ్లు, అంటే సుమారు 44 కిలోలు, మించింది.

ఉరుములతో వాన ముంచుకొస్తోంది. కాస్త ముందు లేచిన మరో పైలట్, గాలి వేగం 15 నాట్ల మేర ఎగుడుదిగుడుగా మారుతోందని రేడియోలో చెప్పాడు. ముందుచక్రానికి పెట్టిన అడ్డుదిమ్మ తీయకుండానే ఇంజను మొదలుపెట్టి, మళ్లీ ఆపి తీయించుకోవలసి వచ్చిందంటే తొందర ఏ స్థాయిలో ఉందో ఊహించవచ్చు. వానను తప్పించుకోవడానికి కుడికి తిరిగిన విమానం స్టాల్ అయింది. రెక్క మరీ ఎక్కువ కోణంలో నిలిచినప్పుడు పైభాగాన గాలి ప్రవాహం చెదిరి, ఎత్తే బలం పడిపోయే స్థితి అది. మలుపులో రెక్క మోయవలసిన భారం పెరుగుతుంది కనుక, తిన్నగా పోయేటప్పుడు సరిపోయిన వేగం అక్కడ చాలదు. ముగ్గురూ మరణించారు.

దర్యాప్తు జరిపిన జాతీయ రవాణా భద్రతా మండలి, ఆ వాతావరణంలో బయలుదేరాలన్న శిక్షకుడి నిర్ణయాన్ని తప్పుపట్టి, మీడియాకు ఇచ్చిన మాటల వల్ల కూడా బిగుసుకున్న ప్రయాణ పట్టిక అందుకు దోహదం చేసిందని పేర్కొంది. దేశం మాత్రం పసిపిల్ల చేతికి విమానమా అనే వాదులాడుకుంది. అదే ఏడాది వచ్చిన చట్టం కూడా లైసెన్సు లేనివారి రికార్డు ప్రయత్నాలనే కట్టడి చేసింది. అది అవసరమే కావచ్చు గాని, తప్పిన లెక్క పెద్దవాళ్లది. విమాన పెట్రోలు గ్యాలనుకు 6 పౌండ్లు తూగుతుంది. 16 గ్యాలన్లు, అంటే సుమారు 60 లీటర్లు, తక్కువతో లేచి దారిలో ఇంకొకచోట దిగేలా అనుకుని ఉంటే బరువు పరిమితిలోకి వచ్చేది, వాన వెలిసేదాకా ఆగడానికైతే ఆ కూడిక కూడా అక్కర్లేదు.