రెసిడెన్సీ ఎవరిది? వాడ వైపు నుంచి కొన్ని ప్రశ్నలు

చిత్రకారులను, శిల్పులను, వీడియో తీసేవాళ్ళను పిలిచి, కొన్ని వారాలు ఒకచోట ఉంచి పని చేయించే పద్ధతి మన దేశంలో బాగా పెరిగింది. దీన్ని ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటున్నారు. ఉండటానికి గది, పని చేసుకోవటానికి స్టూడియో, చేతి ఖర్చుకు కొంత డబ్బు, ఆఖర్న జనం వచ్చి చూసే ఒక రోజు. ఇట్లాంటి చాలా పిలుపుల్లో ఇప్పుడు మూడు మాటలు కలిసి వినబడుతున్నాయి: ప్రకృతి, సాంకేతికత, పర్యావరణం. ఈ మూడూ మాకు పుస్తకాల్లోంచి వచ్చిన మాటలు కావు. మా తాతలు లందలో మోచేతుల దాకా ముంచి తోళ్ళు పదును చేసినోళ్ళు. అయితే ఈ మూడూ కలిసి ఒక కళారంగంగా స్థిరపడుతున్నప్పుడు అందులో మా స్థానం ఏమిటి? కళాకారులమా, ముడిసరుకా? ఈ వ్యాసంలో అడగదలచుకున్న ప్రశ్న ఇదే.

మేము ఉండేది యాప్రాల్‌లో. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. 300 ఎకరాల పైచిలుకు జాగా. హైదరాబాద్ మహానగరం రోజూ పారేసే దాంట్లో ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి చేరింది అక్కడికే. గాలి ఇటు తిరిగిన సాయంత్రం కాలనీల్లో కిటికీలు మూసుకుంటారు. పాత గుట్టను మట్టితో కప్పేశారు. చెత్తను కాల్చి కరెంటు తీసే 19.8 మెగావాట్ల కేంద్రం 2020లో మొదలైంది. గుట్ట నుంచి ఊరిన నీళ్ళతో మల్కారం చెరువు నల్లబడ్డది. ప్రకృతి, సాంకేతికత, పర్యావరణం మూడూ ఒక్కచోటే ఉన్నాయి, వెతుక్కుంటూ దూరం పోనక్కర లేదు. ఈ మూడింటి మధ్య ఎన్నో ఏళ్ళుగా 'రెసిడెంట్లు'గా ఉన్నవాళ్ళు చెత్త ఏరే ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. వాళ్ళ గడువు కొన్ని వారాల్లో తీరదు.

రెండేళ్ళ కింద నగర శివారులో అట్లాంటి ఒక రెసిడెన్సీ ఆఖరి రోజు చూడటానికి పోయినం. పేరు ఇక్కడ అనవసరం. చెత్త ఏరే మా చిన్నమ్మను కూడా వెంట తీసుకుపోయినం. పెద్ద హాలులో పాల కవర్లు, సంచులు, చిప్స్ ప్యాకెట్లు కలిపి కుట్టి పైకప్పు నుంచి వేలాడదీశారు. వెనక నీలి వెలుతురు. అది సముద్రమని రాసిపెట్టారు. చిన్నమ్మ దగ్గరికి పోయి ఒక అంచును వేళ్ళతో నలిపి చప్పుడు విన్నది. "ఇది వేరే, అది వేరే బిడ్డా. రెంటినీ కలిపి కుట్టిండ్రు. ఇగ దీన్ని ఎవ్వడు కొనడు" అన్నది. ఇంతలో నిర్వాహకులలో ఒకరు వచ్చి ఆమె ఫోటో తీసుకోవచ్చా అని అడిగారు. ఆమెను కాదు, మమ్మల్ని.

ఆ రోజు అక్కడ వినబడ్డ విమర్శలో అసలైన విమర్శ చిన్నమ్మదే అని మా అభిప్రాయం. వస్తువు ఏమిటో చేతికి, చెవికి తెలిసిన మనిషి ఇచ్చిన తీర్పు అది. పారేసిన కవరుకు మళ్ళీ ఒక బతుకు ఉన్నదని ఆమెకు తెలుసు. కవర్లను విడదీసి ఆ బతుకును ఇచ్చేది ఆమె పని. ఆ కళాఖండం చేసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ కళాకారునిది చెడ్డ బుద్ధి అని మేము అనటం లేదు. పర్యావరణం మీద బాధతోనే చేసి ఉంటాడు. కానీ ఆ బాధ, పారేసే వర్గం తన మీద తాను పడే బాధ. ఏరే వర్గానికి తెలిసిన విషయం అందులోకి రాలేదు. రావటానికి దారి కూడా పెట్టలేదు.

'రెసిడెన్సీ' అనే మాట హైదరాబాద్ వాళ్ళకు పాతదే. కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు కోసం 19వ శతాబ్దం మొదట్లో కట్టిన భవనం పేరు అది. రెసిడెంటు అంటే ఇక్కడ ఉంటూ, ఇక్కడివాళ్ళకు జవాబుదారీ కాకుండా, పైవాళ్ళకు నివేదిక పంపేవాడు. ఆ భవనం తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది. అక్కడి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మాకు తెలిసిన ఇంకో మాట 'రెసిడెన్షియల్'. 1980లలో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాలు లేకపోతే మా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కేవాళ్ళం కాదు. ఇనుప పెట్టె, స్టీలు పళ్ళెం, అందరికీ ఒకే గంట. మా రెసిడెన్సీ అది. కాబట్టి ఎవరైనా 'వచ్చి ఉంటాం' అంటే మేము మొదట అడిగేది ఒక్కటే: ఉండి ఎవరికి జవాబు చెబుతారు?

ఈ ప్రశ్నను ఎదుర్కొన్న కళాకారులు లేకపోలేదు. న్యూయార్క్‌లో మియర్లె లాడర్‌మన్ యూకెలెస్ 1969లోనే ఒక ప్రకటన రాసింది. కొత్తది సృష్టించటం ఒక్కటే కళ కాదు, తుడవటం, కడగటం, నిలబెట్టుకోవటం కూడా కళే అన్నది. 1977 నుంచి ఆ నగర పారిశుద్ధ్య శాఖలో జీతం లేని రెసిడెంటు కళాకారిణిగా ఉన్నది. 1979, 80లలో నగరమంతా తిరిగి సుమారు 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులకు ఒక్కొక్కరికీ చేయి కలిపి ధన్యవాదాలు చెప్పింది. ఆ పని పేరులోనే 'తాకటం' ఉన్నది. దీన్ని మేము గౌరవిస్తాం. కానీ అదే పనిని యథాతథంగా ఇక్కడికి తెస్తే చాలదు. ఇక్కడ తాకకపోవటం మర్యాద లోపం కాదు, ఒక వ్యవస్థ. రాజ్యాంగం 17వ అధికరణం పెట్టి నిషేధించవలసి వచ్చిన వ్యవస్థ. 2013లో చట్టం వచ్చిన తర్వాత కూడా మ్యాన్‌హోళ్ళలో మావాళ్ళు చనిపోతూనే వచ్చారు. చేయి కలిపి థాంక్స్ చెబితే కులం పోదు. థాంక్స్ చెప్పేవాడు మళ్ళీ పైనే ఉంటాడు.

మరి మన దగ్గర దీనికి బదులు ఏమైనా ఉన్నదా? ఉన్నది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చాలామంది చదువు రానివాళ్ళు. వాళ్ళు కెమెరా పట్టటం నేర్చుకున్నారు, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. నేర్చుకునేటప్పుడు షాట్లకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు చూడండి. పై నుంచి కిందికి చూసేది 'పటేల్ షాట్'. కింద నుంచి పైకి చూసేది 'బానిస షాట్'. కంటికి కన్ను ఎదురుగా ఉండేది 'సంఘం షాట్', ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. సినిమా సిద్ధాంతం మీద తెలుగులో వచ్చిన ఎన్నో పేజీల కంటే ఈ మూడు పేర్లలో ఎక్కువ విషయం ఉన్నది. కెమెరాకు కులం ఉంటుందని, దాని ఎత్తును మార్చవచ్చని వాళ్ళు పనిలోనే కనిపెట్టారు.

ఆ కెమెరాతో వాళ్ళు ఏం తీశారు? 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఈ స్త్రీలు వరంగల్ చేలకు పోయి, పంటకాలం పొడుగునా రైతుల మాట రికార్డు చేశారు, వాళ్ళకు ఎందుకు కోపం వచ్చిందో సినిమాగా చూపెట్టారు. విత్తనం దాచటం తెలిసిన వాళ్ళే విత్తనం మీద సినిమా తీశారు. రేడియో సంగతి కూడా అంతే. స్టేషను కట్టుకుని ఏళ్ళ తరబడి అనుమతి కోసం ఎదురుచూస్తూ, అప్పటిదాకా క్యాసెట్లు సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచునూరు నుంచి సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రతి ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్ల బండ్ల మీద జొన్నలు, కొర్రలు, సామలు ఊరూరా తిప్పారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అన్నీ వచ్చాయి గానీ ఇది 'కళ' అని మాత్రం కళారంగం అనలేదు. 'అభివృద్ధి' అన్నది. అదే పని నగరం నుంచి వచ్చిన ఒక కళాకారుడు నెల రోజులు చేస్తే గ్యాలరీలో పెట్టేవాళ్ళు.

ఇక్కడ మేము మా విమర్శను సగంలో ఆపదలచుకోలేదు. పస్తాపూర్ కూడా ఒక స్వచ్ఛంద సంస్థే. దాని వ్యవస్థాపకులలో ముఖ్యుడు, 2023లో మరణించిన పి.వి. సతీష్, దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన మనిషి. బయటి ప్రపంచానికి ఆయన మాటే ముందుగా వినబడింది. పాత పంటల గురించి మాట్లాడేటప్పుడు పాత ఊరు కూడా మంచిదే అన్న భ్రమ కలిగే ప్రమాదం ఉన్నది. పాత ఊరిలో కొర్రలతోపాటు వెట్టి కూడా పండింది. భూమి ఎవరి పేరు మీద ఉన్నదో అడగకుండా విత్తనాన్ని మాత్రమే పొగిడే పర్యావరణవాదం మాకు పనికిరాదు. అయినా ఒక తేడా నిలబడుతుంది: ఆ సినిమాల్లో అడిగే మనిషీ, జవాబు చెప్పే మనిషీ ఒకే చాప మీద ఉన్నారు.

కంచ ఐలయ్య 2009 నాటి తన ఇంగ్లీషు పుస్తకం 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగలను కింది వర్గాల శాస్త్రవేత్తలు అన్నారు. తంగేడు పువ్వు బతుకమ్మలో పెట్టటం అందరికీ తెలుసు. తంగేడు చెక్కతో తోలు కుళ్ళకుండా నిలుస్తుందని కనిపెట్టింది లంద దగ్గరి మనుషులు. తోలును మంట మీద కాచి, చెవితో చూసుకుని, డప్పు చేసింది కూడా వాళ్ళే. ఇందులో ఎక్కడిదాకా ప్రకృతి, ఎక్కడ నుంచి సాంకేతికత, ఎక్కడ కళ? ఈ గీతలు మావాళ్ళు గీయలేదు. గీసినవాళ్ళే ఇప్పుడు వాటిని చెరపటానికి రెసిడెన్సీలు పెడుతున్నారు, దాన్ని కొత్త ఆలోచన అంటున్నారు.

కాబట్టి 'మాకూ రెండు సీట్లు ఇవ్వండి' అని అడగటంతో ఈ చర్చ అయిపోదు. సీట్లు కావాలి, అది మా హక్కు. దరఖాస్తు తెలుగులో ఉండాలి. కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి కూలికి తక్కువ కాని భత్యం ఉండాలి. కానీ అంతకంటే ముందు, అంశాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారో మారాలి. చెత్త మీద రెసిడెన్సీ పెడితే చెత్త ఏరేవాళ్ళు ఎంపిక కమిటీలో కూర్చోవాలి. పూర్తయిన పనిని మొదట చూపవలసింది గ్యాలరీలో కాదు, ఆ బస్తీలో. అక్కడివాళ్ళు బాగోలేదంటే ఆ మాట కూడా బొమ్మ పక్కనే రాసిపెట్టాలి.

ఈ మధ్య చిన్నమ్మను మళ్ళీ అడిగినం, నీకొక గది, నెల రోజులు, ఖర్చులకు పైసలు ఇస్తే ఏం చేస్తవు అని. "ముందుగాల పండుకుంట" అన్నది. కాసేపాగి, "ఏ కవరు ఏ చప్పుడు చేస్తదో పిల్లలకు వినిపిస్త. మాకు చేతులు కోసుకున్నంక తెలిసింది, వాళ్ళకు చెవితోనే తెలుస్తది" అన్నది. ఈ ప్రతిపాదనను ఏ రెసిడెన్సీ ఒప్పుకుంటుందో చూడాలె.