మూడు నియమాల మతం: ఒంగోలు బాప్టిస్టు సంఘం

ఒక మతసంఘాన్ని అంచనా కట్టవలసివచ్చినప్పుడు మన విమర్శకులు సాధారణంగా రెండు దారులలో ఏదో ఒకటి పడుతారు. దాని సిద్ధాంతాలు ముందు వేసుకొని తర్కించడం ఒకటి. దాని వెనుక డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూపి చేతులు దులుపుకోవడం రెండవది. ఒంగోలు తెలుగు బాప్టిస్టు సంఘం విషయంలో రెండూ జరిగినవి. రెండూ చాలవని నా అభిప్రాయం. నేను సాహిత్యం బోధించేవాణ్ణి. ఒక మాట ఎవరు చెప్పారన్నదానికన్న, విన్నవాడు దానితో ఏమి చేశాడన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

ఆ సంఘపు విశ్వాసం నాలుగు మాటలలో చెప్పవచ్చు. బైబిలు తప్ప వేరే ప్రమాణం లేదు. రక్షణ క్రీస్తునందలి విశ్వాసం వల్లనే. బుద్ధి తెలిసి, తన నోటితో తాను ఒప్పుకొన్నవానికే బాప్తిస్మం. అదీ నీళ్లు చిలకరించి కాదు, నిలువునా ముంచి. ప్రతి స్థానిక సంఘమూ తన వ్యవహారం తానే చూసుకోవాలి. పైన బిషప్పులు ఉండరు. ఇదంతా అమెరికాలో తయారై వచ్చిన సరుకే. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో స్థిరపడి, పాతికేళ్లు ఇదే బోధించింది. ఫలితం అత్యల్పం. ఆ పాతికేళ్లలో కదలని పల్లెలు తర్వాత ఎందుకు కదిలినవి?

1866లో ఒంగోలు వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ, మరుసటి సంవత్సరం జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం ఏర్పరచాడు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పైకులాలవారు చెప్పారు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య వేరువేరు గదులలో బైబిలు తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు పౌలు వ్రాసిన పత్రికలో ఒకే భాగం కనిపించిందట. లోకం నీచమని ఎంచినవారినే దేవుడు ఎన్నుకొన్నాడన్న భాగం. ఈ యాదృచ్ఛికాన్ని నమ్మడం, నమ్మకపోవడం పాఠకుల ఇష్టం. పైకులాల పిల్లలు బడి వదిలిపోయినమాట మాత్రం చరిత్ర.

చదువు రాని మాదిగపల్లెకు వేదాంతమంతా ఎక్కడ బోధించగలరు? క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. ఆయన మరణానంతరం 1914లో వెలువడిన ఆత్మకథలో ఈ సంగతి ఉన్నది. ఈ మూడే ఆ సంఘపు అసలు విశ్వాస ప్రమాణమని నేను అంటాను. మిగిలినదంతా సెమినరీల సొత్తు.

చూడడానికి ఇవి ఆచార నియమాలు. పల్లె ఆర్థిక వ్యవస్థలో పెట్టి చూస్తే వీటి అర్థం వేరు. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, తోలు ఊనడం, రైతుకు చెప్పులూ కపిల తొండాలూ కుట్టివ్వడం మాదిగ విధి. అందుకు బదులు కళ్లంలో మేర గింజలు, ఆ గొడ్డు మాంసం. మాంసం తిననన్నవాడు కూలిలో ఒక భాగాన్ని కాదన్నాడు. కూలి కాదన్నవాడు రేపు ఆ పనినీ కాదనవచ్చునని ఊరి పెద్దలకు వెంటనే అర్థమైంది. ఆదివారం మరీ ప్రమాదకరమైనది. కోతల కాలమో నాట్ల కాలమో చూడకుండా వారానికొక రోజు పాలేరు పొలానికి రాడంటే దాన్ని ఏమనాలి? సమ్మె అన్న మాట వాళ్లకు తెలియదు. తమ రోజు తమదని చెప్పడానికి వాళ్లకు దొరికిన భాష దేవుని ఆజ్ఞ ఒక్కటే. అందుకు ఊరు బదులు చెప్పింది కూడా వేదాంతంతో కాదు. పని మాన్పించి, మేర ఆపి, నీళ్ల దారులు మూసి.

మూడవ నియమం పూర్తిగా దొర తెచ్చింది అనడం సరికాదు. తాళ్లకొండపాడు వాడైన ఎర్రగుంట్ల పేరయ్య తోలు వర్తకుడు. 1866లో బాప్తిస్మం పొందకముందే యోగి గురువుల సంప్రదాయంలో రాజయోగం అభ్యసించి, శిష్యులకు బోధించినవాడు. దేవుడు ఒక్కడే, ఆయన ఆత్మస్వరూపుడు, రాళ్లలో లేడు అన్న మాట అతనికి కొత్త కాదు. వేమన, వీరబ్రహ్మం పేర్లు నిలిచిన నేల అది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగలపై వ్రాసిన పుస్తకంలో ఈ గురువుల సంగతులు సానుభూతితో చెప్పింది. మన సాహిత్య చరిత్రకారులు ఆ గురువుల పేర్లు ఇంకా ఎత్తవలసే ఉన్నది.

ఇక కూటికోసం మతం మారారన్న మాట. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్ల పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. ఆయన పూర్వం సర్వేయరు. ఇతర చోట్ల కంట్రాక్టర్ల తిట్లూ కొట్లూ పడిన అంటరానివారికి అక్కడ కూలి దక్కింది. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ నవలలో (2000) ఆ కాలువగట్టును చూసినవారికి ఆ కూలి విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే కూలి పంచినంతకాలం క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయం ముగిసిన తర్వాతనే, 1878 జూలై 3న, వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2222 మంది మునిగారు. ముంచినవారు తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొన్నారు. ఇక్కడ సిద్ధాంతానికీ ఆచరణకూ ఒక వైరుధ్యమున్నది. ఎవరికి వారు తేల్చుకొని రావాలన్నది బాప్టిస్టు సూత్రం; వచ్చింది పల్లెలకు పల్లెలు. దీన్ని లోపమన్న మిషనరీలు ఉన్నారు. ఒంటరిగా మారితే బతకనివ్వని ఊరిలో కలిసి మారడం తప్ప వేరే స్వేచ్ఛ ఏమున్నది?

విగ్రహాలకు మొక్కరాదన్న నియమం వెంట ఇంకొకటి పోయింది: డప్పు. అమ్మవారి జాతరకు డప్పు కొట్టడం మాదిగకు వెట్టి. కొట్టమని నిరాకరించినందుకు దెబ్బలు తిన్న పల్లెలున్నవి. ఆ నిరాకరణ గౌరవప్రదమైనదే. కాని వెట్టితో పాటు విద్య కూడా పోయింది. వెట్టిని వదిలి వాద్యాన్ని ఉంచుకొనే దారి ఉన్నదని సంఘం ఆలోచించలేదు. డప్పు దెయ్యానిదని తేల్చింది. దాని స్థానంలో వచ్చింది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి బ్రాహ్మణ పుట్టుక కలిగిన కవులు పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలతో కట్టిన పాటలు, సంస్కృత సమాసాలతో సహా, అక్షరం రాని నోళ్లకు కంఠస్థమైనవి. గ్రాంథిక భాష పండితుల ఆస్తి అని మనం వాదించుకొంటున్న కాలంలోనే గూడెంలో తల్లులు దాన్ని ఉయ్యాల దగ్గర పాడుకొన్నారు. ఇది లాభమే. అయితే ఆ పాటలో ఆత్మ పాపం కడిగివేయమని ఏడుస్తుంది గాని, నీళ్లివ్వని ఊరి పాపం ఎక్కడా కనిపించదు. మూడు నియమాల పదును కీర్తనలలోకి రాలేదు.

దీనికి కారణం పాటలు కట్టినవారి పుట్టుక ఒక్కటే కాదు. సువార్త ఒంగోలు సీమలో నడిచిన దారి బంధుత్వం. పేరయ్య తోలు వ్యాపారానికి తిరిగిన ఊళ్లే అతని బోధకు ఊళ్లు. క్లౌ కుల పెద్దలనే సంఘ పెద్దలుగా స్వీకరించి, పంచాయతీ పద్ధతిని నిలిపి ఉంచాడు. అది తన ఉపాయమని చెప్పుకొన్నాడు కూడా. ఉపాయం ఫలించింది. మాదిగలది బాప్టిస్టు, మాలలది లూథరన్ అన్న మాట కోస్తాలో వాడుకలోకి వచ్చేటంతగా ఫలించింది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె కలిసి తిన్నవారు పెళ్లి మాటకు వచ్చేసరికి వేరు పంక్తులు వేసుకొన్నారు. క్రైస్తవుడైన జాషువా 1941లో ‘గబ్బిలం’తో తన ఫిర్యాదు కాశీకి, శివుని వద్దకు పంపాడు. పాస్టరుగారికి పంపలేదు, దీనిపై సంఘం ఎన్నడైనా ఆలోచించిందా అని నాకు సందేహం.

ప్రభుత్వానిది మరొక తర్కం. 1950 ఉత్తర్వు షెడ్యూల్డు కులాలను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవుణ్ణి బయటే ఉంచింది. ఆంధ్రలో అతనికి దక్కింది బి.సి. ‘సి’లో ఒక శాతం. ఊరు మాత్రం అతణ్ణి ఏ మతంవాడివని అడగదు. ఏ పల్లెవాడివని అడుగుతుంది. అందుచేత ఆదివారం ఒక పేరుతోనూ సోమవారం కచేరీలో మరొక పేరుతోనూ బతికే కుటుంబాలు తయారైనవి. దీనిని కపటమనేవారు ఆ రెండవ పేరు ఎవరు పెట్టించారో కూడా చెప్పాలి.

సంఘం ఇప్పటికీ మూడు నియమాలు చెబుతూనే ఉన్నది, వేరే అర్థంలో. చచ్చిన గొడ్డు స్థానంలోకి సారా వచ్చింది, సినిమా వచ్చింది. ఆదివారమంటే తెల్లబట్టలు, కానుకల సంచి, రెండు గంటల ప్రసంగం. సారా మానమనడం మంచిదే, కాదనను. కాని కోతరోజున పొలానికి పోనని పాలేరు అన్నప్పుడు భూస్వామి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఈనాటి ప్రసంగం వింటూ అదే భూస్వామి మనవడు ఆ పాలేరు మునిమనవడికి మంచి కాండక్టు సర్టిఫికెట్ ఇవ్వగలడు.