'ప్రతిభ' అనే మాట: ఉద్యోగ నియామకాల చర్చలో ఒక అలంకారశాస్త్ర పదం

వ్యాససంగ్రహం:
ఉద్యోగ నియామకాల్లో రిజర్వేషన్ల గురించి తెలుగులో జరిగే చర్చ చాలావరకు 'ప్రతిభ' అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. అలంకారశాస్త్రంలో ఈ మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది. అక్కడ ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనేవి మూడు వేర్వేరు అంశాలు. పరీక్షలో వచ్చిన మార్కుకు ప్రతిభ అని పేరు పెట్టడంవల్ల నేటి వాడుకలో ఆ భేదం చెరిగిపోయింది. దాన్ని తిరిగి చర్చలోకి తెస్తే, రిజర్వేషన్లను వ్యతిరేకించే వాదంతో పాటు సమర్థించే వాదం కూడా తనను తాను సరిచూసుకోవలసి వస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం, భావయిత్రి, రిజర్వేషన్లు, వర్గీకరణ, దళిత సాహిత్యం.

1. ప్రవేశిక:

రిజర్వేషన్ల గురించి అభిప్రాయం లేని తెలుగువారు అరుదు. ఇంట్లో ప్రవేశపరీక్ష రాసే పిల్లలున్నా, గ్రూప్ పరీక్షల నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే నిరుద్యోగులున్నా ఆ అభిప్రాయం మరింత పదునెక్కుతుంది. ఎవరి అనుభవం వారిది కనుక అభిప్రాయాలు వేరుగా ఉండడం సహజమే. అయితే అభిప్రాయం వ్యక్తిగతమైనా, దాన్ని చెప్పడానికి వాడే మాటలు అందరివీ. వాటిలో అన్నిటికంటే బరువైనది 'ప్రతిభ'. ప్రతిభకు అన్యాయం జరుగుతోందని ఒక పక్షం అంటుంది. తమకు మాత్రం ప్రతిభ లేదా అని మరొక పక్షం అడుగుతుంది. ఆ మాటకు అర్థం ఒక్కటేననీ, అది అందరికీ తెలిసిందేననీ రెండు పక్షాలూ భావిస్తాయి. ఆ భావన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శాస్త్రంలో ప్రతిభ:

కవిత్వం ఎలా పుడుతుందన్న ప్రశ్నకు ఆలంకారికులు ఇచ్చిన సమాధానాల్లో ప్రతిభకు ముఖ్యస్థానం ఉంది. ఎప్పటికప్పుడు కొత్తదనంతో వికసించే ప్రజ్ఞ ప్రతిభ అని భట్టతౌతుని నిర్వచనం. దండి 'కావ్యాదర్శం'లో సహజమైన ప్రతిభ, నిర్మలమైన శాస్త్రజ్ఞానం, ఎడతెగని కృషి అనే మూడింటినీ కావ్యసంపదకు కారణాలుగా చెప్పాడు. మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో వీటినే శక్తి, నిపుణత, అభ్యాసం అన్నాడు. లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ పరిశీలించడంవల్ల కలిగేది నిపుణత. కావ్యజ్ఞుల శిక్షణలో చేసేది అభ్యాసం. ఈ మూడూ విడివిడిగా మూడు హేతువులు కావనీ, కలిసి ఒకే హేతువనీ ఆయన సిద్ధాంతం.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ప్రతిభ ఒక్కటే పుట్టుకతో వచ్చేది. మిగిలిన రెండూ గ్రంథాలు, గురువులు, తీరిక ఉన్నచోట పెరుగుతాయి. అంటే వాటికి సామాజికమైన ఆధారం కావాలి. రెండవది, సహజప్రతిభ లేకపోయినా విద్యతో, ప్రయత్నంతో వాగ్దేవిని సేవిస్తే ఆమె కొంత అనుగ్రహం చూపుతుందని దండి స్పష్టంగానే అన్నాడు. కవిత్వం వంటి అరుదైన కళ విషయంలోనే శిక్షణకు అంత చోటు ఇచ్చిన శాస్త్రం నుంచి వచ్చిన మాటను, శిక్షణ ప్రసక్తి లేకుండా వాడుతున్నామన్నది ఆలోచించవలసిన విషయం.

3. మార్కుకు ప్రతిభ అని పేరు:

పోటీపరీక్ష దేన్ని కొలుస్తుంది? నిర్ణీత పాఠ్యప్రణాళికలోని విషయాలను, నిర్ణీత సమయంలో, నిర్ణీత పద్ధతిలో రాయగల సామర్థ్యాన్ని కొలుస్తుంది. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే అది ప్రధానంగా వ్యుత్పత్తిని, అంతకంటే ఎక్కువగా అభ్యాసాన్ని కొలుస్తుంది. నమూనా ప్రశ్నపత్రాలు, వారాంతపు పరీక్షలు, ఏళ్ళ తరబడి సాగే కోచింగ్ ఇవన్నీ అభ్యాసానికి సాధనాలు. వీటికి డబ్బు కావాలి, నగరంలో వసతి కావాలి, అన్నాళ్ళు సంపాదించకపోయినా నడిచే ఇల్లు కావాలి. వీటి ఫలితంగా వచ్చిన మార్కును ప్రతిభ అనడంలో, సంపాదించుకొన్నదాన్ని పుట్టుకతో వచ్చినదిగా చూపే పొరపాటు ఉంది. సామాజిక సౌకర్యం ఆ ఒక్క మాటతో వ్యక్తి సహజగుణంగా మారిపోతుంది.

ఈ విషయాన్ని న్యాయభాషలో అత్యంత శక్తిమంతంగా చెప్పినవారిలో తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఒకరు. కె.సి. వసంతకుమార్ కేసులో 1985లో రాసిన అభిప్రాయంలో ఆయన ఇద్దరు పిల్లలను పక్కపక్కన నిలబెట్టాడు. ఒకరి ఇంట్లో పుస్తకం లేదు, పత్రిక లేదు, హోంవర్క్‌లో సాయం చేసేవారు లేరు. మరొకరికి పేరున్న పాఠశాల, కళాశాల, ప్రత్యేక శిక్షణ అన్నీ ఉన్నాయి. మొదటి బిడ్డ తెచ్చుకొన్న 40 శాతం మార్కుల్లో యోగ్యత లేదా అన్నది ఆయన ప్రశ్న. అన్ని అడ్డంకులు దాటిన బిడ్డ ముందుముందు ఇంకా బాగా రాణిస్తుందని ఆశించవచ్చని కూడా అన్నాడు. అలంకారశాస్త్రం తెలిసిన పాఠకుడికి ఈ తర్కం కొత్తది కాదు. వ్యుత్పత్తి, అభ్యాసాలు అందని చోట వచ్చిన ఫలితంలో ప్రతిభ వాటా ఎక్కువ ఉంటుందని దాని సారం. నీట్‌లో ఇతర వెనుకబడిన తరగతుల రిజర్వేషన్‌కు సంబంధించి 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా పరీక్షలో వచ్చిన మార్కు, యోగ్యత ఒకటి కావనీ, యోగ్యతను సామాజిక సందర్భంలో పెట్టి చూడాలనీ చెప్పింది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. ఉద్యోగం కవిత్వం కాదు. రోగికి కావలసింది వైద్యుడి నైపుణ్యమే గాని, ఆ నైపుణ్యం ఎంత కష్టపడి వచ్చిందన్నది కాదు అని అంటారు. ఈ వాదానికి విలువ ఉంది. రాజ్యాంగంలోని 335వ అధికరణం పరిపాలనా సామర్థ్యాన్ని ప్రస్తావించడం వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. అయితే సడలింపు ప్రవేశానికి సంబంధించింది. వైద్యవిద్య పూర్తిచేయడానికి కావలసిన ఉత్తీర్ణత అందరికీ ఒక్కటే. ఇక సామర్థ్యం తగ్గుతుందన్నది రుజువు కావలసిన ప్రతిపాదన. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ భారతీయ రైల్వేల 1980-2002 మధ్య వివరాలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, రిజర్వేషన్లవల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారం కనిపించలేదు. సామర్థ్యం గురించి మాట్లాడేవారు ముందు ఇలాంటి పరిశీలనలకు జవాబు చెప్పాలి.

మరొక విషయం. 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా ఆర్థికంగా బలహీనవర్గాలకు 10 శాతం కోటా వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ల పరిధిలోని పేదలకు అందులో చోటు లేదు. ఆ కోటాలోనూ కటాఫ్ వేరుగానే ఉంటుంది. కాని దానివల్ల ప్రతిభకు అన్యాయం జరుగుతోందన్న మాట అంత గట్టిగా వినిపించడం లేదని నా పరిశీలన. ఒక కోటాకు అడ్డువచ్చిన ప్రతిభ మరొక కోటాకు అడ్డురాకపోతే, ఆ మాట కొలమానంగా కాక కవచంగా పనిచేస్తోందని అనుకోవలసి వస్తుంది.

4. భావయిత్రి: ఎంపిక చేసేవారి ప్రతిభ:

రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో ప్రతిభను రెండు విధాలుగా విభజించాడు. కవికి ఉండేది కారయిత్రి. కావ్యాన్ని గుర్తించి ఆస్వాదించే భావకుడికి ఉండేది భావయిత్రి. కవి శ్రమ ఫలించడానికి భావకుడు కావాలి. నియామకాల చర్చలో పూర్తిగా మరుగున పడిన అంశం ఇదే. అభ్యర్థి ప్రతిభను పరీక్షిస్తున్నాం గాని, ఎంపిక చేసేవారికి గుర్తించే శక్తి ఉందా అని అడగడం లేదు.

తెలుగు సాహిత్య చరిత్రలో దీనికి నిదర్శనం జాషువా. పద్యాన్ని మెచ్చుకొన్నవారే కులం తెలిశాక అవమానించిన అనుభవాలను ఆయన తన ఆత్మకథ 'నా కథ'లో చెప్పుకొన్నాడు. అక్కడ లోపించింది కవి ప్రతిభ కాదు, సభ ప్రతిభ. రిజర్వేషన్లు లేని ప్రైవేటు రంగంలో ఇదే పరిస్థితిని సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకులాన్ని సూచించే పేరుతో పోలిస్తే, దళిత పేరుతో వెళ్ళిన దరఖాస్తుకు తదుపరి దశకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకు అది మూడింట ఒక వంతు. అర్హత ఒక్కటే అయినప్పుడు తేడా అభ్యర్థిలో ఉండదు, చదివే కంటిలో ఉంటుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి మధ్య కూడా ఇలాంటి చర్చే సాగుతోంది. ప్రభుత్వ కాంట్రాక్టులు పొందే సంస్థలు నియామకాల్లో వివక్ష లేకుండా చురుకైన చర్యలు తీసుకోవాలన్న 1965 సెప్టెంబరు 24 నాటి ఉత్తర్వు 2025 జనవరిలో రద్దయింది. ఇక అంతా ప్రతిభేనన్న సంతోషం మనవారిలో కొందరిది. ఆ ఉత్తర్వు వచ్చిన తొమ్మిది రోజులకే, అదే సంవత్సరం అక్టోబరు 3న, వలసలపై జాతిమూల కోటాలను తొలగించిన చట్టం మీద అదే అధ్యక్షుడు సంతకం చేశాడు. తెలుగు వైద్యులకు, ఇంజనీర్లకు ఆ దేశం తలుపు విశాలంగా తెరుచుకొన్నది ఆ చట్టంతోనే. రెండూ ఒకే పౌరహక్కుల కాలపు ఫలాలు. తాము పోటీపడగలిగిన రంగంలోకి తమను రానిచ్చింది కూడా ఒక విధాన నిర్ణయమేనన్న సంగతి ప్రతిభ అనే మాట చాటున మరుగునపడుతోంది.

5. వర్గీకరణ: సమర్థించేవారికి పరీక్ష:

ఇంతవరకు చెప్పిన తర్కాన్ని అంగీకరించేవారు దాన్ని చివరిదాకా అంగీకరించాలి. వ్యుత్పత్తి, అభ్యాసాలు అందరికీ సమానంగా అందవన్నది రిజర్వేషన్లకు పునాది అయితే, రిజర్వేషన్ పొందే సమూహంలో కూడా అవి సమానంగా అందాయా అన్న ప్రశ్న తప్పదు. తెలుగునేల ఈ ప్రశ్నను బలంగా వేసింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం, జస్టిస్ రామచంద్రరాజు కమిషన్, దాని ఆధారంగా ఎస్సీల 15 శాతాన్ని 1, 7, 6, 1గా నాలుగు గ్రూపులకు పంచిన ఏర్పాటు, 2000లో వచ్చిన చట్టం, 2004లో చిన్నయ్య కేసులో దాని కొట్టివేత, చివరికి 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 ఆధిక్యంతో వర్గీకరణను ఆమోదించడం తెలిసిన చరిత్రే.

సాహిత్యం ఈ దారిలో న్యాయస్థానం కంటే ముందు నడిచింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' దళిత కవిత్వాన్ని ఒకే గొంతుగా వినిపించింది. ఆ వెంటనే నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' కథలు ఆ గొంతులో మరొక గొంతు ఉందని చాటాయి. ఎండ్లూరి సుధాకర్ 'వర్గీకరణీయం' దీర్ఘకవిత ఆ వేదననే వస్తువుగా స్వీకరించింది. దళిత సాహిత్యంలో చీలిక తెచ్చాయని అప్పట్లో వచ్చిన విమర్శ తొందరపాటుదని ఇప్పుడు చెప్పవచ్చు. ఆ రచనలు ఉన్న తేడాకు పేరు పెట్టాయి.

వర్గీకరణను వ్యతిరేకించేవారి వాదనల్లో ఐక్యతకు సంబంధించినది ప్రధానమైనది. అస్పృశ్యత అందరినీ ఒకేలా గాయపరిచినప్పుడు విడదీయడం తగదని వారి భావన. గాయం ఒకటే కావచ్చు, చికిత్స అందిన తీరు ఒకటి కాదు. ఐక్యతకు మూల్యం ఎప్పుడూ వెనుకబడినవారే చెల్లించాలనడం, ప్రతిభ పేరుతో అగ్రవర్ణాలు చేసిన వాదానికి మరో రూపమే అవుతుంది. ఖాళీలే నింపనప్పుడు పంపకం ఎందుకన్న వాదం మాత్రం బలమైనది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి అమలైన ఏర్పాటులో 15 కులాలున్న మొదటి గ్రూపుకు 1 శాతం, 18 కులాల రెండో గ్రూపుకు 9 శాతం, 26 కులాల మూడో గ్రూపుకు 5 శాతం కేటాయించారు. నూరు ఉద్యోగాలకు ఒక్కటి అంటే, చిన్న నోటిఫికేషన్లలో ఆ ఒక్కటి రావడానికే ఏళ్ళు పట్టవచ్చు. వచ్చినప్పుడు దాన్ని అందుకొనే చదువు ఆ 15 కులాల్లో ఎందరికి ఉందన్నది తరువాతి ప్రశ్న. వాటా పంచడంతో న్యాయం మొదలవుతుంది, పూర్తికాదు.

6. ముగింపు:

ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే భేదాన్ని నిలుపుకొంటే నియామకాల చర్చ కొంత స్పష్టపడుతుంది. మార్కును ప్రతిభ అనకుండా మార్కు అనే అంటే, దాని వెనుక ఉన్న సౌకర్యాల గురించి అడగడానికి వీలు కలుగుతుంది. ఎంపిక చేసేవారిలో భావయిత్రి ఉందా అని అడిగితే, ప్రైవేటు రంగం కూడా చర్చలోకి వస్తుంది. ప్రతిభ ఏ ఒక్క కులం సొత్తూ కానప్పుడు, ఏ దళిత ఉపకులంలోనూ దానికి కొరత ఉండదు. కొరత ఉన్నది మిగిలిన రెండింటికి. గురుకులాలు, స్టడీ సర్కిళ్ళు, గ్రంథాలయాలు ఆ రెండింటినీ ఇచ్చే సంస్థలు. వాటిని మొదటి గ్రూపు కులాల వాడలదాకా తీసుకువెళ్ళకుండా శాతాల గురించి మాత్రమే వాదించుకోవడం, శిష్యుడికి గురువునూ గ్రంథాన్నీ ఇవ్వకుండా కావ్యం రాయమనడంతో సమానం.