విశేషణాల రాజకీయం

మన విమర్శకులు పద్యంలోని అలంకారాలను లెక్కించినంత శ్రద్ధగా పత్రికల్లోని విశేషణాలను లెక్కించరు. భూపాలపల్లి, మహబూబాబాదు అడవుల్లోని "వలస గుత్తికోయ"నే తీసుకోండి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తరువాత ఊళ్లు విడిచి గోదావరి దాటి వచ్చినవారే వీరిలో అనేకులు. తమను తాము కోయలమనో, మురియాలమనో చెప్పుకుంటారు. "వలస" మనం తగిలించినది.

ఆ విశేషణం వ్యాకరణంతో ఆగలేదు. అక్కడ షెడ్యూల్డు తెగవాడైన మనిషికి ఇక్కడ ఆ ధ్రువపత్రం దొరకదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమినే గుర్తిస్తుంది. ఆ ఏడే ఇల్లు విడిచినవాడు ఏ పట్టా అడగగలడు? 2017 సెప్టెంబరులో, అప్పటి భూపాలపల్లి జిల్లాలోని జలగలంచలో అటవీశాఖ వారి గుడిసెలు కూల్చింది. "ఆక్రమణదారు" అన్న మాట అప్పటికే సిద్ధంగా ఉంది.

స్థానిక కోయలకు భూమి బాధ లేదని నేననను. కాని డబ్బుతో వచ్చి పొలాలు కొన్న కోస్తా రైతు కూడా కొత్తవాడే గదా! అతడు "సెటిలర్" అయినాడు. భూమి కొన్నవాడు స్థిరపడ్డవాడు, కొనలేనివాడు వలసవాడు. ఇంతకంటె స్పష్టమైన వర్గనిఘంటువు నేను చూడలేదు.

జనగామలో నా విద్యార్థి ఒకడు, తండా బిడ్డ, వ్యాసంలో వీరిని "చొరబాటుదారులు" అన్నాడు. ఎక్కడిదీ మాట అంటే, పేపరులోదన్నాడు. మార్కులు తగ్గించలేదు. దాని కింద గీత గీసి, సాయుధ పోరాటంలో ప్రాణమిచ్చిన ఠానూనాయక్ పూర్వీకులు ఎద్దుల మీద సరుకులేసుకొని ఎక్కడినుంచి వచ్చారని పక్కన రాశాను.