స్థలముల పేర్లును సత్యసాక్ష్యమును



మీ ఇంటికి ఒక బంధువు వచ్చి, "జరహేమ్ల అను పట్టణము నిజముగా ఉండినదా?" అని అడిగినయెడల మీరేమి చెప్పుదురు? ఇది దూరదేశపు ప్రశ్న కాదు. 1978 డిసెంబరులో సమోవానుండి వచ్చిన ఎడ్విన్ ధర్మరాజు దంపతుల ద్వారా హైదరాబాదులో వారి బంధువులు కొందరు మోర్మన్ సంఘములో బాప్తిస్మము పొందిరి. 2012లో ఆ సంఘపు 'స్టేకు' అక్కడ ఏర్పడినది. మోర్మన్ గ్రంథము తెలుగులోను ఉన్నది. కనుక మైపాడు తీరమందలి మన కుటుంబములకు కూడ ఈ ప్రశ్న రావచ్చును.

ఆ గ్రంథమును జోసెఫ్ స్మిత్ 1830లో అమెరికాలో ప్రచురించెను. అందలి స్థలములను వర్ణించువారిలో మూడు విధములవారు కనబడుచున్నారు. కొందరు మెక్సికో, గ్వాటెమాలలలోని మాయా శిథిలముల చిత్రములు చూపి, ఇదే ఆ పట్టణమని చెప్పుదురు. కొందరు ఆ గ్రంథము నమ్మువారిని ఎగతాళి చేయుదురు. మరికొందరు, "ఔననువారు కొందరు, కాదనువారు కొందరు" అని వ్రాసి, ఇదే నిష్పక్షపాతమని తృప్తిపడుదురు. ఈ మూడును లోపములే. మొదటిది నమ్మకమును రుజువుగా చూపును. రెండవది పొరుగువానిని గాయపరచును. మూడవది తూనిక వేయకుండనే త్రాసు సరిగా ఉన్నదని చెప్పును.

మరి ఏలాగు వ్రాయవలెను? ప్రతి మాటకు ఎవరు సాక్షియో చెప్పవలెను. "జరహేమ్ల నీఫైయుల పట్టణమని మోర్మన్ గ్రంథము చెప్పుచున్నది" అనుట సత్యము. "ఆ సంగతులు అమెరికా ఖండములలో జరిగినవని ఆ సంఘము నమ్ముచున్నది, అయితే కచ్చితమైన స్థలములగూర్చి తాను ఏ నిర్ణయము చేయలేదని 2019లో తానే తెలిపినది" అనుటయు సత్యము. "ఆ పేరుగల శాసనమేదియు అమెరికా త్రవ్వకములలో ఇంతవరకు దొరకలేదు" అనుటయు సత్యమే. ఈ మూడు మాటలు ప్రక్కప్రక్కన పెట్టినయెడల తిట్టు అక్కరలేదు, పొగడ్త అక్కరలేదు.

పేరు వినబడినంత మాత్రమున స్థలము రుజువు కాదు. మన తీరము వెంబడి సాగు బకింగ్‌హాం కాలువను చూడుడి. 1877లో క్లౌ దొరగారు దానిలో కొంత భాగము త్రవ్వించుటకు పూనుకొని, కరవున అలమటించువారికి పని కల్పించిరి. కాలువకు ఆ పేరు మద్రాసు గవర్నరైన బకింగ్‌హాం ప్రభువునుబట్టి వచ్చినది. ఇంగ్లాండులోని బకింగ్‌హాం పట్టణము మన ఇసుకలో ఉండినందున కాదు. ఆలాగే 1841లో స్మిత్ అయోవాలో ఒక ఊరికి జరహేమ్ల అని పేరు పెట్టించెను. యూటాలో లీహై, నీఫై అను పట్టణములు నేటికిని ఉన్నవి. అవి గ్రంథము చదివినవారు పెట్టిన పేర్లు. గ్రంథమునకు పూర్వపు సాక్షులు కావు.

అయినను వారికి అనుకూలమైన దానిని దాచరాదు. ఆ గ్రంథములో నాహోము అను స్థలమున్నది. యెమెనులోని మారిబు వద్ద దొరికిన ప్రాచీన బలిపీఠములపై దానిని పోలిన తెగ పేరు చెక్కబడియున్నది. దానిని ఆ సంఘపు పండితులు చూపుచున్నారు. మూడు హల్లులు కలిసినంత మాత్రమున రుజువు కాదని ఇతరులు ప్రత్యుత్తరమిచ్చుచున్నారు. రెండును చెప్పుడి.

ఇప్పుడు ఆ త్రాసును మనయొద్దకు తెచ్చుకొందము. 1961లో కైసరయలో పిలాతు పేరుగల శిల దొరికినది. అది గట్టి సాక్ష్యము. ఎమ్మాయు ఏదో, సీనాయి కొండ ఏదో అనుటలో నేటికిని పండితులలో ఏకాభిప్రాయము లేదు. వాటిని కూడ రుజువైనవని బోధించువాడు ఇతరులయందు తప్పు పట్టిన పనినే తాను చేయుచున్నాడు. బడిలో చదువుకొనిన పిల్లవాడు అట్టి అతిశయోక్తి నొకదానిని పట్టుకొనినయెడల, మనము చెప్పిన సువార్తను కూడ అనుమానించును. నష్టము అక్కడ ఉన్నది.

పొరుగువానిపై అబద్ధము పలుకరాదను ఆజ్ఞ, అతని గ్రంథమునుగూర్చి మాటలాడునప్పుడును మనలను కట్టియున్నది. బెరయవారు విన్నదానిని పరిశీలించిరి. అందుకే మెప్పు పొందిరి. మన బంధువు వేరొక సంఘమునకు వెళ్లినను, అతనితో ఒకే చాపమీద కూర్చుండి నిజము మాటలాడగలిగినయెడల తలుపు మూయబడదు. ప్రభువు మన నాలుకలకు సత్యమును, ప్రేమను కూడ అనుగ్రహించును గాక.